దశాంశ బిందువు విలువ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. బిల్లులు, లెడ్జర్లు సరిచూసి రిటైరైన గుమాస్తాను. మా మనుమరాలు నెలలు నిండకుండా 1,500 గ్రాముల బరువుతో పుట్టింది. గుండె బలహీనతకు డిగాక్సిన్ వాడవలసి వచ్చింది. అప్పుడు పిల్లల డాక్టరుగారు ఓపికగా చెప్పిన సంగతులే మీకు మనవి చేస్తాను. మనలో కొందరు వాడేదీ ఈ మందే.

దీని మూలం డిజిటాలిస్ జాతి మొక్కలు. ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ 1785లోనే వాటి మేలునూ కీడునూ గ్రంథస్థం చేశాడు. ఆ రెంటికీ నడుమ దూరం బహు తక్కువ.

ఈ మందు ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. నెలలు నిండని శిశువుకు అవి ఇంకా పక్వం కావు. నిన్నటిది పోకముందే నేటిది చేరుతుంది. మన భాషలో ఖర్చు తక్కువ, జమ ఎక్కువ, నిల్వ పెరిగిపోతుంది. అందుకే రక్తపరీక్షతో నిల్వ చూసి తర్వాతి మోతాదు అంచనా కడతారు. నిల్వ కావలసినదానికి రెట్టింపు ఉంటే మోతాదు సుమారు సగం కావాలి. ఇది త్రైరాశికమే.

అయితే మూడు షరతులున్నాయి. మందు వేసిన ఆరుగంటలైనా గడిచాకే రక్తం తీయాలి. నిల్వ స్థిరపడడానికి, ఇలాంటి శిశువుల్లో, వారం దాటవచ్చు; తొందరపడి లెక్క కట్టరాదు. పైగా నవజాత శిశువుల రక్తంలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు కొన్ని పరీక్షలకు డిగాక్సిన్‌లాగే కనిపిస్తాయి. కనుక అంకె ఒక్కటే చాలదు, నాడి, ఇ.సి.జి., పొటాషియం కూడా చూస్తారు.

కిలోకు రోజుకు 5 మైక్రోగ్రాముల చొప్పున అనుకుంటే, 1,500 గ్రాముల బిడ్డకు 7.5 మాత్రమే. పెద్దల మాత్ర ఒకటి 250 మైక్రోగ్రాములు. ఆ బిడ్డకు 33 రోజుల మందు! దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే పదిరెట్లు. మా బిడ్డకు మందిచ్చేముందు ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కగట్టి, సరిపోల్చి సంతకం చేసేవారు. ట్రెజరీలో కూడా అంత నిష్ఠ చూడలేదు.

మిత్రులారా, వయసుతో మన మూత్రపిండాలూ మందగిస్తాయి. డిగాక్సిన్ వాడేవారు డాక్టరు చెప్పినప్పుడల్లా క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకోండి. ఆకలి పోయినా, వాంతులైనా, చూపు పసుపుగా తోచినా, నాడి నెమ్మదించినా వెంటనే చూపించుకోండి. మోతాదు సొంతంగా మార్చవద్దు. మాత్రలు మనుమల చేతికి అందనీయవద్దు.

సెలవు.