జమ్ముమడుగులు – విషలోహములు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



మురుగుకాలువల గట్లయందు జమ్ము, తుంగ, కిక్కిస దట్టముగ పెరుగుట పల్లెవాసులకు క్రొత్త గాదు. చాపలల్లుటకును, పాకలు కప్పుటకును వానిని కోసికొనుట అందరును ఎరిగినదే. ఆ జాతుల మొక్కలనే నేడు పలుదేశములలో, గనుల నీటియందును కర్మాగారముల నీటియందును గల విషలోహములను పట్టి నిలుపుటకై, ప్రత్యేకముగ త్రవ్విన మడుగులలో నాటుచున్నారు.

పేడ, ఆకు, అలము మొదలగు మాలిన్యము కుళ్లి, సూక్ష్మజీవుల కాహారమై రూపుమాయును. సీసము, కాడ్మియము, రాగి, తుత్తునాగము అట్లు నశించునవి కావు. నీటిని కాచినంత మాత్రమున అవి తొలగవు. సీసము పసిబిడ్డల బుద్ధివికాసమును చెరచును. కాడ్మియము మూత్రపిండములను పాడుచేయును.

1950వ దశకమున జర్మనీ దేశమందు కేటే సైడెల్ అను విదుషి, తుంగజాతి మొక్కలు మలినజలమును శుద్ధిచేయగలవా యని ప్రయోగములు సాగించెను. ఈ విద్యకు ఆమె కృషి పునాది యయ్యెను.

గనుల నీటి విషయమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమ మంచి దృష్టాంతము. అచ్చటి వీల్ జేన్ అను తగరపు గని 1991లో మూతపడెను. నీరుతోడు యంత్రములు ఆగిపోయెను. గనిలో నీరు పెరిగి, 1992 జనవరిలో సుమారు 5 కోట్ల లీటర్ల ఆమ్లజలము ఒక్కసారిగ బయల్వెడలి, కార్నన్ నదిని, ఫాల్ నదీముఖమును ఎఱ్ఱబార్చెను. 1994లో అచ్చట ప్రయోగాత్మకముగ మూడు విధములైన మడుగులు వరుసగ నిర్మింపబడెను.

మొదటి మడుగులలో రెల్లుజాతి, జమ్ముజాతి మొక్కలు నాటిరి. పలుచని నీటికి గాలి సోకగా ఇనుము త్రుప్పై అడుగున దిగును. ఆర్సెనిక్ అను పాషాణము ఆ త్రుప్పునంటి దిగిపోవును. రెండవ మడుగులు గాలి చొరనివి. వానిలో రంపపుపొట్టు, ఎండుగడ్డి, పశువుల ఎరువు నింపిరి. అందలి సూక్ష్మజీవులు కుళ్లిన గ్రుడ్డు వాసనగల వాయువును పుట్టించును. దానితో కలసి రాగి, తుత్తునాగము, కాడ్మియము నీట కరగని గంధక పదార్థములై బురదలో నిలిచిపోవును. మూడవ భాగమున రాళ్లపై నాచు పెరిగి మాంగనీసును పట్టును.

మొక్కయే లోహమును తినివేయునని కొందరు తలంతురు. అది పొరపాటు. మొక్క తనలోనికి తీసికొనునది సాధారణముగ స్వల్పభాగమే. అది బోలుకాడల ద్వారా వేళ్లకు గాలినంపును, ప్రవాహవేగమును తగ్గించును, రాలిన ఆకులతో సూక్ష్మజీవులకు మేత నిచ్చును. లోహమును నిలుపునది బురద.

కనుక మడుగు లోహమును దాచును గాని మాయము చేయదు. ఈ యొక్క మాట మరచినచో మేలు కీడగును. ఆ జమ్మును కోసి పశువులకు వేయరాదు. అందలి చేపలను తినరాదు. బురదను ఎరువుగ పొలమునకు తోలరాదు. మడుగు ఎండి బురదకు గాలి సోకినచో, బంధింపబడిన లోహము మరల కరగి నీటిలో కలియును. ఏండ్లు గడచి మడుగు నిండినపుడు ఆ బురదను విషపదార్థముగ నెంచి భద్రపరుపవలెను.

ఈ పద్ధతికి మేరయు కలదు. దీనికి విశాలమైన భూమి కావలెను. నీరు మిక్కిలి పులుపైనను, ప్రవాహము మిక్కుటమైనను పని సాగదు. వీల్ జేన్ నీటికై 2000 సంవత్సరమున సున్నముతో పనిచేయు యంత్రాగారమునే నెలకొల్పిరి. నీరు కొద్దిగను, నిలకడగను వచ్చుచోట్ల మాత్రము మడుగులు తక్కువ వ్యయముతో చిరకాలము సేవచేయగలవు.

పచ్చదనమును జూచి నీరు శుద్ధమని నమ్మరాదు. మడుగులో ప్రవేశించు నీటిని, వెలువడు నీటిని పరీక్షించి పోల్చుటయే ప్రమాణము. తమ చెరువు ఎగువన ఏ నీరు కలియుచున్నదో, దానిని ఎవరు ఎప్పుడు పరీక్షించిరో అడిగి తెలిసికొనుట గ్రామస్థుల హక్కు. అడుగుటకు వలసిన తెలివిని చేకూర్చుట గ్రంథాలయము పని.