బహిష్టు మైల కాదు, గర్భసంచి శత్రువు కాదు
(రావికమతంలో కూలి తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంగతి మగాళ్ల ముందు మాట్లాడొచ్చా అని కొందరు అడిగారు. మగాళ్ల ముందే మాట్లాడాలంటున్నాం. బహిష్టు అంటే బయట ఉన్నదని. 1927లో అంబేద్కర్ పెట్టిన పత్రిక పేరు ‘బహిష్కృత భారత్’. రెంటిలోనూ ‘బయట’ అన్న మాటే ఉంది. ఊరు మన పేటని బయట పెట్టింది. ఆ పేటలో ఆడదాన్ని మళ్లీ గుమ్మం బయట పెడుతున్నారు. 2018లో శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, ముట్టు పేరుతో ఆడవాళ్లని దూరం పెట్టడం కూడా అంటరానితనమేనని రాశారు. గుడి మాట అటుంచండి. మనింటి మాటేమిటి?

ముట్టుకి వారం ముందునుంచి కొందరికి కోపం, ఏడుపు, ఒళ్లు బరువు, నిద్ర పట్టకపోవడం. ఇంట్లో ‘గాలి సోకింది’ అంటారు. చేలో ‘ఒళ్లు వంగదు’ అంటారు. రెండూ అబద్ధమే. మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంది. అది రక్తంలో కబురు పంపితే అండాశయాలు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే రసాయనాలు తయారుచేస్తాయి. అవి తిరిగి మెదడుకీ చేరతాయి. ముట్టుకి కొద్ది రోజుల ముందు ఆ రెండూ పడిపోతాయి. మనసుని నిలకడగా ఉంచే సెరటోనిన్ మీద ఆ ప్రభావం పడుతుంది. ముట్టు వచ్చాక కొద్ది రోజుల్లో చాలామందికి సర్దుకుంటుంది. అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి అసలు తెలియనే తెలియదు. ఏ కొద్దిమందికో చచ్చిపోదామన్నంత దిగులు వస్తుంది. అది జబ్బు. దానికి వైద్యం ఉంది, భూతవైద్యుడి దగ్గర కాదు.

తెలివి తగ్గుతుందా? తగ్గదు. వందకు పైగా పరిశోధనల్ని కలిపి చూసిన మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లకి, నెలలో ఏ రోజుల్లోనూ తెలివిలో, ఏకాగ్రతలో నిలకడైన తేడా కనబడలేదు. 2025లో ఆ సంగతి ప్రకటించారు. ముట్టు వచ్చిందని పిల్లని పరీక్ష మానిపించకండి.

మరి ఓపిక ఎందుకుండదు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకి దాదాపు 59 మందికి రక్తం తక్కువని తేలింది. తిండిలో ఇనుము చాలదు. ఉన్నది నెలనెలా రక్తంతో పోతుంది. పగలంతా చెరకు చేలో వంగి వచ్చిన మనిషి మళ్లీ పొయ్యి ముందు వంగాలి, బిందె ఎత్తాలి. మగాడేమో రచ్చబండ మీద కూచుంటాడు. బద్ధకం ఎవరిదో మీరే చెప్పండి.

ఇక్కడే ఒక పెద్ద మోసం ఉంది. ‘పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీసేస్తే పీడ పోతుంది’ అంటారు. 2015-16 సర్వేలో దేశంలో వందమంది ఆడవాళ్లలో ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రలో దాదాపు తొమ్మిదిమందికి తీసేశారు. దేశంలో మనమే మొదటి స్థానం! కూలి పోతుందన్న భయంతో, అప్పు చేసి మరీ కడుపు కోయించుకున్న తల్లులు ప్రతి పేటలో ఉన్నారు. కానీ కోపం, దిగులు గర్భసంచిలోంచి రావు. వాటి వెనకున్న రసాయనాలు అండాశయాలవి. సంచి తీసినా అవి ఆగవు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, మతిమరుపు, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి. కేన్సర్‌కో, పెద్ద గడ్డకో ఆపరేషన్ తప్పకపోవచ్చు. తెల్లబట్టకి, నడుంనొప్పికి, కోపానికి మాత్రం కాదు.

అందుకని ఏం చెయ్యాలి? మూడు నెలలు తేదీ రాసుకోండి, పక్కన మనసెలా ఉందో రాయండి. చదువు రాకపోతే బడికెళ్లే పిల్ల రాస్తుంది. వారం దాటి రక్తం పోతుంటే, గంటగంటకీ బట్ట తడుస్తుంటే ప్రభుత్వాసుపత్రికి పదండి. ఐరన్ మాత్ర వేసుకోండి, దానితో టీ తాగకండి. పెద్దమాంసం తింటామని మనల్ని ఈసడించారు. మాంసంలో ఇనుమే ఒంటికి బాగా పడుతుంది. సిగ్గుపడకుండా తినండి, ముందు ఇంటి ఆడదానికి పెట్టండి. ఆపరేషన్ అన్నారా, రెండు ప్రశ్నలు అడగండి: మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? జవాబు చెప్పకపోతే ఇంకో డాక్టర్ని చూడండి.

అన్నలారా, ఆ వారం బిందె మీరెత్తండి. అంటరానితనం పోవాలని ఊరిని అడిగేవాళ్లం, దాన్ని మన గుమ్మంలో ఉంచుకోకూడదు.

జై భీమ్.