సర్కారు సొమ్ము రాకముందు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ వేదిక మీద ఫీజుల సాయం, పెళ్లిళ్ల సాయం, రంజాన్ రేషన్ లెక్కలు చదువుతాం. ఈసారి ఆ లెక్కలు సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. ఇప్పుడు వేరే మాట. మన సాయంతో బి.టెక్., బి.ఫార్మసీ చదివిన పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో జీతానికి కుదురుకుంటున్నారు. సంతోషమే. కానీ వాళ్లలో ఒకరు వచ్చి "సొంతంగా ఒక వస్తువు తయారు చేస్తాను" అంటే మన దగ్గర దానికి పద్దు లేదు. ప్రభుత్వాల దగ్గర ఉంది.

మన రాష్ట్రం 2024-29కి స్టార్టప్ పాలసీ 4.0 తెచ్చింది. ఐదేళ్లలో 20,000 స్టార్టప్‌లు రావాలన్నది దాని లక్ష్యం. 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. దాని ప్రాంతీయ కేంద్రాల్లో మనకు దగ్గరిది అనంతపురం. తుంగభద్ర అవతల కర్ణాటకలో 2017 నుంచి 'ఎలివేట్' పథకం ఉంది. ఎంపికైన కంపెనీకి 50 లక్షల దాకా గ్రాంటు, ఐ.టి. వాళ్లకే కాదు, బయోటెక్ వాళ్లకూ ఇస్తారు. కంపెనీ అక్కడ రిజిస్టర్ కావాలి. మన పిల్లలు ఉంటున్నది అక్కడే కదా. మందులు, టీకాలు, పరీక్ష పరికరాల వాళ్లకు కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే 'బిగ్' గ్రాంటు కూడా 50 లక్షల దాకానే, 18 నెలల గడువుతో.

గ్రాంటు అంటే తిరిగి కట్టేది కాదు. వడ్డీ లేదు. వడ్డీ భయంతో బ్యాంకు గడప తొక్కని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాం. అయితే అన్ని పథకాలూ గ్రాంట్లు కావు. కొన్నింటిలో అప్పు ఉంటుంది, కొన్నింటిలో అప్పుగా మొదలై వాటాగా మారే డిబెంచరు ఉంటుంది. సంతకం పెట్టేముందు కాగితం చదివించుకోవాలి.

ఇక చిక్కు. స్టార్టప్‌గా కేంద్రం గుర్తింపు కావాలంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఎల్.ఎల్.పి., రిజిస్టరైన భాగస్వామ్యం లాంటి సంస్థ ఉండాలి. ఒక్కరి పేరు మీద నడిచే దుకాణానికి గుర్తింపు రాదు. నాన్నగారి వ్యాపారాన్ని చీల్చి కొత్త బోర్డు తగిలించినా రాదు. మన వ్యాపారాలేమో చాలావరకు ఒక్కరి పేరు మీదివే! కొత్త వస్తువు ఉండాలి, కొన్నిచోట్ల అది పనిచేస్తుందని చూపించే నమూనా కూడా అడుగుతారు. ఆ తర్వాత దరఖాస్తు, నిపుణుల ముందు వివరణ, మంజూరు పత్రం. డబ్బు మామూలుగా విడతల్లో వస్తుంది. మొదటి విడత ఖర్చును ఆడిటర్ ధ్రువీకరిస్తేనే రెండోది.

అంటే కంపెనీ రిజిస్ట్రేషన్‌కు, ఆడిటర్‌కు, మొదటి నమూనాకు, విడతకీ విడతకీ మధ్య ఇంటి ఖర్చుకు డబ్బు ఎవరిది? బాగా ఉన్నవాడికి తండ్రిది. మనవాడికి ఎవరిదీ కాదు. సర్కారు సొమ్ము మన ఊళ్లకు రాకపోవడానికి తెలివి తక్కువై కాదు, ఈ మధ్య దూరమే కారణమని మా అభిప్రాయం.

శాంతా బయోటెక్నిక్స్ సంగతి చూడండి. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు హైదరాబాదులో దాన్ని పెట్టినప్పుడు హెపటైటిస్-బి టీకా విదేశాలదే, సామాన్యుడికి అందని ధర. ఇక్కడి బ్యాంకులు ముందుకు రాలేదు. తొలి డబ్బు బంధుమిత్రులది. తర్వాత ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టి, అప్పుకు హామీగా నిలబడ్డారు. 1997లో శాన్‌వాక్-బి టీకా వచ్చింది. కేంద్ర టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు సాయం కూడా ఆ కంపెనీకి అందింది, కానీ కంపెనీ పుట్టినప్పుడు ఆ బోర్డే లేదు. అది ఏర్పడింది 1996లో. అంత దూరం ఎందుకు, 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు స్టార్టప్ అన్న మాట ఎవరు విన్నారు?

అందుకని మా ప్రతిపాదన. ఏడాదికి ఇద్దరికి, ఒక్కొక్కరికి లక్ష రూపాయల దాకా కర్జె హసనా. గ్రాంటు వచ్చినా రాకపోయినా, వ్యాపారం నిలబడితే అసలు మాత్రం తిరిగి ఇవ్వాలి. నిలబడకపోతే? దాతలు అడగవలసిన ప్రశ్న ఇదే. ఇలాంటివాటిలో ఎక్కువ భాగం నిలబడవు. అప్పుడు మాఫీ చేస్తామని ముందే రాసుకుందాం. కాబట్టి జకాత్ సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఇటు తిప్పం. ఆ ఖాతా పేదలది. దీనికి వేరే ఖాతా, తెలిసి ఇచ్చేవాళ్ల చందాతోనే. ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల అయితే మేలు. బెంగళూరు పంపలేని ఇళ్లలో బి.ఫార్మసీ పట్టా బీరువాలో ఉండిపోతోంది.

డబ్బు ఇవ్వలేనివారు ఇవ్వగలిగింది ఇంకొకటుంది. ఆదోని యార్డుకు వచ్చే పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే సి.సి.ఐ. కొనదు. రైతు ఇంటి దగ్గరే చూసుకునే చవక తేమ మీటరు ఒక పిల్లవాడు తయారు చేశాడనుకుందాం. దాన్ని పరీక్షించడానికి వాడికి కావలసింది నిజమైన పత్తి, సీజన్ పొడవునా. ఈ సభలో కూర్చున్న జిన్నింగ్ మిల్లుల వాళ్లు, కమీషన్ దుకాణాల వాళ్లు ఒక మూల చోటిచ్చి, రోజూ నాలుగు బోరాలు చూసుకోనిస్తే, దరఖాస్తులో రాయడానికి వాడి దగ్గర లెక్కలుంటాయి. అలా చోటివ్వగలిగినవారు భోజనాలకు ముందే కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి.