నేల కింద వాయువు, ఊటలో నీరు

(వన్ టౌన్‌లో జరిగిన మన సంఘం సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ధింసా గురించి, మన భాషల గురించి ఇంతసేపూ విన్నాం. మేము నీటి గురించి నాలుగు మాటలు చెబుతాం. కొండ మీద ఊట పాడైతే ఆటా పాటా నిలవవు కదా!

మన విశాఖలో ఉక్కు కర్మాగారం ఉంది, పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. మన దేశంలో ఒక టన్ను ఉక్కు తయారైతే 2 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. దాన్ని గాలిలోకి వదలకుండా పట్టి, భూమి లోతుల్లో దాచాలన్న ఆలోచన ప్రపంచమంతా సాగుతోంది. 2022లో నీతి ఆయోగ్ కూడా దీనిపై నివేదిక ఇచ్చింది. దక్కన్ బసాల్ట్ రాళ్లు ఇందుకు పనికొస్తాయా అని హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పరిశోధించారు. మన కొండల ఖొండలైట్ గట్టి రాయి, అంత వాయువును ఇముడ్చుకునే రంధ్రాలు అందులో లేవు. కాబట్టి రేపే మన ఊళ్లలో బోర్లు దిగుతాయని భయపడనక్కర్లేదు. కానీ ఇక్కడి పొగ ఎక్కడో ఒకచోట, ఎవరిదో ఒక ఊరి కిందికి వెళ్తుంది. అందుకే విషయం తెలుసుకోవాలి.

వన్ టౌన్ వాళ్లకు భూగర్భ నిల్వ కొత్త కాదు. ఓడరేవు కాలువ అవతల, డాల్ఫిన్స్ నోస్ దగ్గర, 2007 నుంచి 60,000 టన్నుల వంటగ్యాస్ దాచే గుహ పనిచేస్తోంది. చుట్టూ రాతి పగుళ్లలోని నీటి ఒత్తిడే ఆ గ్యాస్‌ను బయటికి పోకుండా ఆపుతుంది. కార్బన్ నిల్వ తీరు వేరు. అక్కడ గుహ ఉండదు. సాధారణంగా 800 మీటర్ల కంటే లోతున, ఉప్పునీరు నిండిన రాతి రంధ్రాల్లోకి వాయువును ఒత్తిడితో ఎక్కిస్తారు. పైనున్న బిగువైన రాతిపొర మూతలా పనిచేస్తుంది. ఆ మూతలో పగులున్నా, పాత బోరుబావి సిమెంటు చెడినా వాయువు పైకి దారి వెతుక్కుంటుంది.

పైకి వచ్చి మంచినీటి పొరలో కలిస్తే ఏమవుతుంది? బొర్రా గుహలను గుర్తు తెచ్చుకోండి. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని పలుచని ఆమ్లమైంది. అది సున్నపురాయిని వేల ఏళ్లు కరిగించి గుహలు చేసింది. లీకైన వాయువు చేసేదీ అదే పని, కాకపోతే చాలా తొందరగా. నీటి పీహెచ్ తగ్గుతుంది. రాతిలో ఉంటే ఇనుము, మాంగనీస్, ఒక్కోచోట ఆర్సెనిక్, సీసం కూడా నీటిలోకి దిగుతాయి. సున్నపురాయి ఉన్నచోట ఆమ్లం కొంత విరుగుతుంది, కానీ నీటి కాఠిన్యం పెరుగుతుంది. ఇంకో ముప్పు, లోతులోని ఉప్పునీరు ఒత్తిడికి పైకి తోసుకురావడం. బోరు నీరు ఉప్పగా మారితే ఇల్లు ఎలా గడుస్తుందో సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా?

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకేటర్ దగ్గర, పరిశీలన కోసం వేసిన బావి గొట్టమే తుప్పుపట్టి, అనుమతి లేని పొరలోకి ద్రవం చేరిందని 2024లో బయటపడింది. అది చాలా లోతున జరిగింది, తాగునీటి దాకా రాలేదని చెప్పారు. మరోవైపు ఐస్‌లాండ్‌లో నీటిలో కరిగించి బసాల్ట్‌లోకి పంపిన వాయువులో 95 శాతం రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. అంటే చోటునుబట్టి, పనితనాన్నిబట్టి ఫలితం మారుతుంది. గుడ్డిగా వద్దనకూడదు, గుడ్డిగా సరేననకూడదు.

మేము మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఈరోజు మన నీరు ఎలా ఉందో రాసిపెట్టండి. రేపు బోరో, గనో, ఫ్యాక్టరీయో వచ్చి నీరు చెడితే, "ముందు నుంచీ ఇంతే" అంటారు. కాగితం లేకపోతే మన మాట నిలవదు. ఎండాకాలం, వానాకాలం నీరు ఒకలా ఉండదు కనుక ఒక్కసారి పరీక్ష చాలదు. ప్రతి ఊటకు, ప్రతి బోరుకు కాలాలవారీగా పీహెచ్, ఉప్పదనం, కాఠిన్యం, ఇనుము నమోదు చేయాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకు కిట్‌లతో పరీక్షలు నేర్పుతున్నారు. చదువుకున్న మీరు వాళ్ల పక్కన కూర్చుని లెక్క రాయండి. ఆర్సెనిక్, సీసం మాత్రం ల్యాబ్‌లోనే చూపించాలి.

మన చేతిలో హక్కులూ ఉన్నాయి. బొర్రా పరిసరాల గనుల మీద సాగిన సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు గొంతునిచ్చింది. ఆ సభలో అడగండి: పాత బోర్లు ఎక్కడున్నాయి? నీటిని ఎవరు, ఎన్నేళ్లు పరీక్షిస్తారు? చెడితే ఎవరు బాధ్యులు?

బొర్రా కిందుగా పారే గోస్తనీ నీరు తాటిపూడి మీదుగా ఈ నగరం కుళాయిల్లోకీ వస్తోంది. కొండ వాళ్లది, పట్నం వాళ్లది ఒకే నీరు. ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు మీ ఊట దగ్గర మొదటి లెక్క రాసి, సంఘానికి ఒక నకలు పంపండి.

జోహార్. జై ఆదివాసీ!