సెన్సెక్స్ పెరిగితే మన షేరు పెరిగినట్టేనా?



పొద్దున్నే పేపరు చూసి "సెన్సెక్స్ పెరిగిందండోయ్" అంటాం. ఏం పెరిగింది? బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోని 30 పెద్ద కంపెనీల షేర్ల విలువ. 1978-79లో దాన్ని 100 అనుకుని అక్కడినుంచి లెక్క కడుతున్నారు. మన డి.ఏ.కు ధరల సూచీ ఉన్నట్టే ఇదొక సూచీ.

మెలిక ఎక్కడంటే, ఆ 30 ఎప్పుడూ అవే 30 కావు. 2009 జనవరిలో మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌లో లెక్కల మోసం బయటపడింది. కొద్దిరోజుల్లోనే దాన్ని సెన్సెక్స్‌లోంచి తీసేసి సన్ ఫార్మాను చేర్చారు. సూచీ తన దారిన తాను సాగింది. సత్యం షేర్లు చేతిలో ఉన్నవాళ్ళకు ఆ వెసులుబాటు ఏదీ?

నా సంగతే చెబుతాను. 1995లో పి.ఎఫ్. లోను తీసి ఒక కొత్త కంపెనీ షేర్లు కొన్నాను. పేరెందుకు లెండి. తర్వాత పదేళ్ళలో సెన్సెక్స్ రెట్టింపు దాటింది. నా షేరును కొనే నాథుడే లేడు. మా ఆవిడ ఆ సర్టిఫికెట్లను ఇప్పటికీ బీరువాలో నగల పక్కనే దాచింది, వెక్కిరించడానికేనేమో!

సూచీలోని కంపెనీలన్నిటినీ కలిపి కొనడానికి ఇండెక్స్ ఫండ్లున్నాయి. ఒక్క కంపెనీ మునిగితే అంతా మునగదు. అయితే మొత్తం సూచీయే పడొచ్చు. 1992 ఏప్రిల్లో 4467 దాకా వెళ్ళిన సెన్సెక్స్, మరుసటి ఏప్రిల్‌కల్లా సగం కంటే కిందికి దిగింది. మందులకు దాచుకున్న డబ్బు అందులో ఉంటే ఆ ఏడాది ఎలా గడుస్తుందో ఆలోచించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.