పాత పరుగు కారు: కొనవచ్చునా?



పాత కారు కొనడమంటే మన ఇళ్ళలో కొత్త సంగతేమీ కాదు. ఎవరో వాడిన మారుతి 800 కొని పిల్లల పెళ్ళిళ్ళు అయ్యేదాకా నడిపినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కానీ ఈమధ్య హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో నాలుగు రాళ్ళు సంపాదిస్తున్న కుర్రవాళ్ళు కొందరు మరో రకం పాత కారు మీద మనసు పడుతున్నారు. అది పరుగు కోసం తయారైన కారు. కొత్తదానికి డబ్బు చాలదు. ఐదారేళ్ళు వాడినదైతే చేతికి అందేటట్టు కనిపిస్తుంది. అలాంటిది కొనాలా వద్దా అన్నదే ఈనాటి మన ముచ్చట.

గాలిలో మాట్లాడటం కంటే ఒక్క కారును ముందు పెట్టుకుందాం. స్కోడా కంపెనీ వారి ఆక్టేవియా ఆర్.ఎస్. అనే కారు ఉంది. 2017లో మన దేశంలో 230 హార్స్ పవర్ ఇంజనుతో వచ్చింది. అప్పటి షోరూము ధర 24 లక్షల 62 వేలు. 2020లో 245 హార్స్ పవర్‌తో మరొకటి తెచ్చారు. అవి దేశం మొత్తానికి 200 బండ్లే, ఒక్కొక్కటి 35 లక్షల 99 వేలు. 2023లో మామూలు ఆక్టేవియా కూడా ఇక్కడ ఆగిపోయింది. 2025 అక్టోబరులో విదేశం నుంచి 100 బండ్లు తెప్పించి, ఒక్కొక్కటి దాదాపు 50 లక్షలకు అమ్మారు. సరుకు తక్కువ, కోరేవాళ్ళు ఎక్కువ. అందుకే పాతవాటికి ఇంత గిరాకీ.

ఈ కారులో ఒక చమత్కారం ఉంది. చూడటానికి నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ, అచ్చంగా సంసారుల బండి. ఆగి ఉన్నది ఏడు సెకండ్లు కాకుండానే గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఇంట్లో అమ్మకు "ఇది మామూలు కారేనమ్మా" అని చెప్పుకోవచ్చు. అమ్మేవాడూ మీతో అదే మాట అంటాడు, "ఫ్యామిలీ కారండీ" అని. ఆ మాట సగమే నిజం.

మిగతా సగం ఇంజనులో ఉంది. ఇది రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, దానికి టర్బో ఉంటుంది. ఇంజను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పుతుంది. ఆ చక్రానికి జోడుగా ఉన్న మరో చక్రం గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. అంత వేగంతో తిరిగే ఇరుసుకు ప్రాణాధారం ఇంజను ఆయిలే. వేళకు ఆయిలు మార్చని మామూలు కారు కొంతకాలం ఓర్చుకుంటుంది. ఇది ఓర్చుకోదు. గేరుబాక్సు సంగతీ అంతే. దీనిని డి.ఎస్.జి. అంటారు, రెండు క్లచ్చుల ఆటోమేటిక్. 2017 బండిలో ఆరు గేర్లు, ఆయిలులో మునిగి ఉండే క్లచ్చులు. ఆ ఆయిలును 60 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. మీరు చూడబోయే బండి 70 వేలు తిరిగిందనుకోండి, ఆ ఆయిలు మార్చిన బిల్లు ఎక్కడ అని అడగండి. "మార్పించామండీ, బిల్లు కనపడటం లేదు" అంటే మార్పించలేదనే లెక్కవేసుకోండి.

కారు చూడటానికి వెళ్ళేముందు ఫోను చేసి, మేం వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. చల్లటి ఇంజను స్టార్టు చేసిన మొదటి రెండు మూడు సెకండ్లలో బండి చాలా నిజాలు చెబుతుంది. గొలుసు గలగలలాడుతోందా, నీలం పొగ వస్తోందా, ఆగి ఉన్నప్పుడు ఇంజను తడబడుతోందా, ఇవన్నీ అప్పుడే తెలియాలి. వేడెక్కాక చాలా రోగాలు దాక్కుంటాయి.

టైర్ల పక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే వయసువి అయితే యజమాని శ్రద్ధ గలవాడని అనుకోవచ్చు. రెండు ఒక రకం, రెండు మరో రకం అయితే డబ్బు దగ్గర ఎక్కడో చేయి వెనక్కి లాగాడన్నమాట. టైర్ల దగ్గర లాగినవాడు ఆయిలు దగ్గర లాగడని నమ్మకమేమిటి?

2022 సెప్టెంబరులో బెంగళూరులో ఖరీదైన కార్లెన్నో నీళ్ళలో నిలబడ్డాయి. చెన్నైలో 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు తుఫానులోనూ అదే జరిగింది. నీళ్ళలో నానిన కార్లకు బీమా కంపెనీలు డబ్బు కట్టేసి, ఆ బండ్లను వేలం వేస్తాయి. కొన్నవాళ్ళు కడిగి, ఎండబెట్టి, మెరుగు పెట్టి మళ్ళీ బజారుకు తెస్తారు. కాబట్టి సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, మడతల్లో బురద చార ఉందేమో. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత అడుగున చూడండి. కాళ్ళ కింది కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ఇందులో మొహమాటపడే పని లేదు. డబ్బు మీది.

ఇంకొక సంగతి ఈ రకం కార్లకే ప్రత్యేకం. 230 చాలక, ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్పించి 280, 300 చేయించుకునేవాళ్ళు ఉంటారు. రీమ్యాప్ అంటారు దీనిని. అమ్మేముందు మళ్ళీ పాత లెక్కలు ఎక్కించేస్తారు. బయటికి ఏమీ కనపడదు. కానీ ఆ ఒత్తిడిని క్లచ్చులూ టర్బో అంతకాలం మోసే ఉంటాయి. ఆ కారు తెలిసిన మెకానిక్ ఒకరిని వెంట తీసుకువెళ్ళి స్కానర్ పెట్టించండి. తప్పుల గుర్తులే కాదు, వాటిని ఈమధ్యే చెరిపేశారా అన్నది కూడా అందులో తెలిసిపోతుంది. ఆ మెకానిక్‌కు ఇచ్చే రెండు మూడు వేలకు వెనకాడకండి. ఏనుగునిచ్చినవాడు అంకుశం దగ్గర పేచీ పెట్టడంటారు. ఏనుగును కొనేవాడూ పెట్టకూడదు మరి.

ఇప్పుడు మనకు, అంటే సరిహద్దు జిల్లాల వాళ్ళకు, ముఖ్యమైన విషయానికి వస్తాను. ఇలాంటి కార్లు దొరికేది బెంగళూరు, హైదరాబాదు, చెన్నై వంటి ఊళ్ళలో. హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లు. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చేస్తాం, ఒకే ఊరిలా ఉంటుంది మనకు. కానీ చట్టం దృష్టిలో ఆ కారు కర్ణాటకది, మీరు తమిళనాడు వాసులు. యానాం వాళ్ళకు కాకినాడ అంతే. బరంపురం వాళ్ళకు ఇచ్ఛాపురం అంతే. బళ్ళారి వాళ్ళకు గుంతకల్లు అంతే.

వేరే రాష్ట్రం బండి కొంటే ముందుగా అక్కడి ఆర్.టి.ఓ. ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. ఫారం 28 అంటారు. బండి మీద అప్పు ఉంటే ఆ బ్యాంకు నుంచి అప్పు తీరిందన్న కాగితం, ఫారం 35 ఉండాలి. కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవాలి. బండి మీ రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే మీ రాష్ట్రం నంబరు తీసుకోవాల్సిందే. అక్కడ ఉంది అసలు ఖర్చు. జీవితకాలపు పన్ను మళ్ళీ కట్టాలి. 20 లక్షలు దాటిన కారుకు కర్ణాటకలో ఈ పన్ను 18 శాతం, దాని మీద సెస్సు. బండి వయసును బట్టి తగ్గింపు ఉంటుంది గానీ, బళ్ళారి శ్రోత ఒకరు హైదరాబాదు నుంచి ఈ కారు తెచ్చుకుంటే పన్ను లక్షల్లోనే ఉంటుంది. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి వస్తుంది. అయితే దానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి, నెలలు పట్టవచ్చు. ఆ సొమ్ము ఇవాళే చేతిలో ఉన్నట్టు లెక్కలో వేసుకోకండి.

యానాం శ్రోతలకు ఒక మాట. పుదుచ్చేరి ప్రాంతంలో రోడ్డు పన్ను తక్కువ. మీరు అక్కడే కాపురముంటూ మీ పేర పి.వై. 04 నంబరు తీసుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ బయటి ఊరి బంధువు ఎవరైనా వచ్చి "మీ అడ్రసు ఇవ్వు బావా, మా కారు మీ ఊళ్ళో రిజిస్టరు చేయించుకుంటాం" అంటే మాత్రం ఒప్పుకోకండి. 2017లో కేరళలో ఇలాంటి దొంగ చిరునామాల ఖరీదైన కార్ల మీద విచారణ జరిగి, పేరున్నవాళ్ళ మీద కూడా కేసులు నడిచాయి. కొనేవారూ, పి.వై. నంబరుతో వేరే రాష్ట్రంలో తిరుగుతున్న కారు చవకగా వస్తోందంటే, ఎగ్గొట్టిన పన్ను కూడా దానితోపాటు మీకే వస్తోందని గుర్తుంచుకోండి.

ఇక డబ్బు. ఎనిమిదేళ్ళు కూడబెట్టిన 20 లక్షలు మీ దగ్గర ఉన్నాయనుకుందాం. 20 లక్షల కారు కొనవద్దు. 16 లక్షల కారు కొని, నాలుగు లక్షలు పక్కన ఉంచండి, పన్నుకూ మొదటి ఏడాది మరమ్మతులకూ. ఈ కారు ఇవాళ ఎంతకు కొన్నా, దాని విడిభాగాలు మాత్రం కొత్త కారు ధరకు తగ్గట్టే ఉంటాయి. బ్రేకు డిస్కుకు మీరు పాత బండి కొన్నారన్న సంగతి తెలియదు. బీమా మాటకొస్తే, 1500 సి.సి. దాటిన కారుకు ఇతరులకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియమే 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి 7,897 రూపాయలు. మన కారుకు జరిగే నష్టానికి బీమా అదనం. అప్పు చేసి కొనేవారు పాత కారు అప్పుకు వడ్డీ ఎక్కువన్నది కూడా చూసుకోవాలి. తండ్రిగారి రిటైర్మెంటు డబ్బుతో కొనాలనుకునేవారికి నేను సలహా ఇవ్వను. ఆ మాట తండ్రిగారినే అడగాలి, అదీ అమ్మగారి ఎదుట.

వర్క్‌షాపు ఎంత దూరమో కూడా చూడండి. హోసూరు వారికి బెంగళూరు పక్కనే. బరంపురం వారు భువనేశ్వరానికో విశాఖపట్నానికో పోవాలి. గడ్చిరోలి జిల్లా సిరోంచ శ్రోతలకైతే ఇంకా దూరం. నడిరోడ్డు మీద గేరుబాక్సు మొరాయిస్తే లారీ మీద ఎక్కించి పంపడమే. మన ఊరి మేస్త్రీ ఎంత చేయి తిరిగినవాడైనా, ఆ కంప్యూటరు పరికరం లేనిదే ఏమీ చేయలేడు. అది అతని లోపం కాదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి ఇదే అయి, నాన్నగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలన్నా, పిల్లను కాలేజీ పరీక్షకు దించాలన్నా దీని మీదే ఆధారపడాల్సి వస్తే, నా మాట వద్దనే. ఇంట్లో మరో మామూలు బండి ఉండి, వర్క్‌షాపు ఒక పూట ప్రయాణంలో ఉండి, బిల్లులన్నీ ఉన్న కారు దొరికితే కొనండి, ఆనందించండి. ఒకే యజమాని చేతిలో ఉన్న కారుకు లక్షన్నర ఎక్కువ అడిగినా ఇవ్వండి. ముగ్గురి చేతులు మారి లక్షన్నర తక్కువకు వచ్చేదానికంటే అదే చవక.

పరుగు ఎక్కడ తీస్తారన్న ప్రశ్న కూడా ఉంది. 2018 నిబంధన ప్రకారం కార్లకు ఎక్స్‌ప్రెస్ హైవేల మీద 120, మధ్యలో గట్టు ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద 100 కిలోమీటర్లు, ఊళ్ళలో 70 దాకా హద్దు పెట్టారు. రాష్ట్రాలు ఇంకా తగ్గించవచ్చు. కాబట్టి ఈ కారు బలంలో సగం ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. ఎద్దుబండి, ట్రాక్టరు, స్కూలు పిల్లలు, రాత్రికి రాత్రి ఎవరో పోయించిన స్పీడు బ్రేకరు, మన రోడ్డు ఇదే కదా. స్పీడు బ్రేకరు అన్నాను కాబట్టి, కారు కిందికి వంగి ఇంజను ఆయిలు తొట్టి గీసుకుపోయిందేమో కూడా చూడండి. ఎత్తు తక్కువ బండ్లకు అక్కడే దెబ్బ తగులుతుంది.

చివరగా, డబ్బు ఇచ్చి తాళం తీసుకునే రోజు సంగతి. బండి అప్పగించిన తేదీతోపాటు గంట, నిమిషం కూడా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ నిమిషానికి ముందు పడిన చలానాలు అమ్మినవారివి, తరువాతివి మీవి. బీమా మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. నా సలహా అయితే తాళం తీసుకోకముందే ఆ పని మొదలుపెట్టండి. అమ్మేవారూ వినండి. ఆర్.సి. పుస్తకంలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో యజమాని వారేనని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి పేరు మార్పిడి రసీదు నకలు మీ చేతికి వచ్చేదాకా కొన్నవారిని అడుగుతూనే ఉండండి.