ఓల్డ్ ఫ్యాషన్డ్: ఒక మెస్ మనిషి మాటలు



"నీకు తెలిసిందేదైనా చెప్పవయ్యా" అన్నారు సెక్రటరీ గారు. నాకు తెలిసింది మెస్ బారు. ఆఫీసర్స్ మెస్‌లో పదకొండేళ్ళు గ్లాసులు అందించాను. నేను మాత్రం ఒక్క గుక్క తాగలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఓల్డ్ ఫ్యాషన్డ్ అని ఒక విస్కీ కాక్‌టెయిల్. గ్లాసులో చక్కెర బిళ్ళ వేసి, దాని మీద రెండు మూడు చుక్కలు బిట్టర్స్, చెంచాడు నీళ్ళు పోసి నలపాలి. 60 మిల్లీలీటర్ల విస్కీ, పెద్ద ఐసు ముక్క, పైన కమలా తొక్క. అంతే. అమెరికావాళ్ళు బోర్బన్ గాని రై గాని పోస్తారు. మాకైతే బార్లో ఏది ఉంటే అదే బోర్బన్!

1806 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో ఒక పత్రిక, పాఠకుడు అడిగిన ప్రశ్నకు జవాబుగా, కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీళ్ళు, బిట్టర్స్ అని రాసింది. పోను పోను బార్లవాళ్ళు రకరకాల లిక్కర్లు కలిపి హంగులు చేశారు. పాత గిరాకీలు "మాకు ఆ పాత పద్ధతిదే ఇవ్వు" అన్నారు. పేరు అలా నిలిచింది.

ఇది తెలియక నేను ఏళ్ళ తరబడి వేరే కథ చెప్పేవాణ్ణి. కెంటకీలో లూయిస్‌విల్ పట్టణంలోని పెండెన్నిస్ క్లబ్‌లో, కల్నల్ జేమ్స్ పెప్పర్ అనే విస్కీ వ్యాపారి కోసం దీన్ని తొలిసారి కలిపారని. (అక్కడ కల్నల్ అన్నది గౌరవ బిరుదు కూడాను, మన కల్నల్ సాబ్‌లు ఏమీ అనుకోకండి.) ఒక డైనింగ్-ఇన్ నైట్‌లో అతిథిగా వచ్చిన ఆఫీసరు నవ్వి, "ఆ క్లబ్బు పెట్టింది 1881లో. 1880లోనే చికాగో పేపర్లో ఈ పేరు పడింది" అన్నారు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాతే శ్రద్ధగా చదవడం మొదలెట్టాను.

అలా చదువుతుంటే దొరికింది మనలాంటి వాడి కథ. సీగర్ట్ అనే జర్మన్ డాక్టరు, వెనిజులాలో బొలివార్ సైన్యంలో సర్జన్. సైనికుల కడుపు బాధలకు 1824లో అంగోస్టురా పట్టణంలో ఒక చేదు మందు తయారుచేశాడు. ఆ ఊరి పేరే మందుకి వచ్చింది. 1875లో వ్యాపారం ట్రినిడాడ్‌కి మారింది. మన గ్లాసులో పడే చుక్కలు ఆ మిలిటరీ మందే.

ఇక నా సంగతి. మా నాన్న సారాకే పోయాడు. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు కదిలినప్పుడు, మా ఊళ్ళో సారా దుకాణం ముందు కూర్చున్నవాళ్ళలో మా అమ్మ ఒకతె. నేను బారు పని చేస్తున్నానని ఆమెకు చెప్పలేదు. వంటింటి డ్యూటీ అన్నాను. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చాక, సెలవులో వెళ్ళినప్పుడు దాచలేక చెప్పేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఏం చెప్పాలో తోచక ఈ డాక్టరు కథ చెప్పాను.

"మందు చేసినాయన మంచిపనే చేశాడు. దాన్ని తీసుకెళ్ళి సారాలో పోసిందెవర్రా?" అంది.

నేను నోరు మెదపలేదు. మర్నాడు రైలెక్కేటప్పుడు గోంగూర పచ్చడి సీసా చేతికిచ్చింది. "ఎవరికి పోసినా సరే, నువ్వు మాత్రం..." అని ఆగిపోయింది. బండి కదిలింది.